రాతిగుడిసె దగ్గర ఎడమకి

పోయినవారం మ్యాపు మేడమ్‌ని గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. తలుపు అవతల, చేతికి కట్టుతో ఒక అమ్మాయి. మేడమ్ సంగతి మీకు తెలుసు. ముప్ఫయ్యేళ్ళు బళ్ళో భూగోళం చెప్పి రిటైరైన మనిషి. పన్నెండేళ్ళ కిందట తమ్ముడితో కలిసి సైకిలు మీద కొండ కనుమ దాటి, ఆ ఆరు రోజుల దారి గురించి మలుపు మలుపుకీ బొమ్మ వేసి చిన్న పుస్తకం రాసింది. ఇవాళ ఆ దారి పట్టేవాళ్ళెవరైనా ఆ పుస్తకం సంచిలో పెట్టుకునే బయల్దేరతారు. లోకానికి తెలియంది ఒకటే. నాలుగో రోజున, అసలు కనుమ ఎక్కాల్సిన రోజున, ఇరుకుదారి మొదట్లోనే మేడమ్‌కి భయంతో కాళ్ళు చచ్చుబడ్డాయి. రోడ్డు పనివాళ్ళు చూస్తుండగా మోకాళ్ళ మీద వెనక్కి పాక్కుంటూ వచ్చి, సొరంగం గుండా పోయే బస్సెక్కి అవతలికి చేరింది. కనుమ దాటింది తమ్ముడొక్కడే. పుస్తకంలో ఆ రోజు గురించి ఉన్నదంతా అతను చెప్పగా రాసిందే.

"లోపలికి రామ్మా" అంది మేడమ్.

ఆ అమ్మాయి బూట్లు విప్పడానికి వంగి, ఒక్క చేత్తో లేసుతో కాసేపు కుస్తీ పట్టింది.

"పర్లేదు, అలాగే వచ్చెయ్."

ముందుగదిలో రెండు కుర్చీలూ, గోడల నిండా మ్యాపులూ. కింద వాటాలో తమ్ముడి పని గది. కట్టుడు పళ్ళ సెట్లు చేస్తాడతను. ఊళ్ళో సగం మంది నవ్వులు నా చేతివే అని చెప్పుకుంటూ ఉంటాడు. మెట్ల మీంచి కరిగిన మైనం వాసన వస్తోంది. అమ్మాయి కుర్చీ అంచున కూర్చుని మ్యాపుల్ని చూసింది. బళ్ళోకి మొదటిసారి వచ్చిన పిల్లలు చూసినట్టు చూసింది.

"నేను ఆస్పత్రిలో ఎక్స్-రేలు తీస్తానండి. రోజుకి నలభై మంది ఎముకలు చూస్తాను. పదకొండు రోజుల కిందట మా నాన్న ఫిల్ము తెచ్చి, అలవాటు కొద్దీ నా చేతికే ఇచ్చారు. తుంటి దగ్గర రెండు ముక్కలు. తొడ ఎముక ఇంకోచోట."

మేడమ్ రెండో కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"నాన్న లిఫ్టులు బాగుచేసేవాడు. రిటైరయ్యాక మీ పుస్తకం చదివి, ఆ వయసులో సైకిలు కొన్నాడు. ఒక్కణ్ణే పంపడానికి అమ్మ ఒప్పుకోలేదు. నేను సెలవు పెట్టి వెంట వెళ్ళాను. మూడు రోజులు ఎంత బావుందో! మీరు రాసింది రాసినట్టే ఉంది. గుర్రాల చావిడి దగ్గర కుళాయి, చెక్క వంతెన మీద మూడో పలక ఊగడం... నాన్న ప్రతిదానికీ 'చూశావా, చెప్పలా' అనేవాడు, ఏదో ఆయనే రాసినట్టు."

ఆమె నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"నాలుగో రోజు రాతిగుడిసె దగ్గరికొచ్చేసరికి మంచు పట్టేసింది. చెయ్యి చాపితే వేళ్ళు కనపడలేదు. అక్కడ దారి రెండుగా చీలుతుంది కదండీ. గుడిసె గోడ కూలిపోయి ఉంది, ఆనవాలంటూ ఏమీ లేదు. నాన్న కుడి అన్నాడు. నేను కాదు, పొద్దున్నే చదివాను, ఎడమ అన్నాను. పుస్తకం తీసి చూద్దామంటే అది నాన్న సంచిలో అడుగున ఉంది. సరే నీ మాటే కానీ అని ముందు నడిపాడు. అది పాత రాతిక్వారీకి పోయే దారట. ఒకటే పల్లం. బ్రేకులు పట్టాడు, గులకరాళ్ళ మీద చక్రం జారింది. దారి చివర ఏమీ లేదు మేడమ్. కోసేసినట్టు ఆగిపోయింది. పదిహేను అడుగుల కింద ఒక రాతి చపటా మీద పడ్డాడు. అదే లేకపోతే..." కట్టు వైపు చూసుకుంది. "ఇది ఆయన దగ్గరికి దిగుతుంటే విరిగింది. సంచీ, పుస్తకం లోయలోకి పోయాయి."

కింద తమ్ముడు దేన్నో అరగదీస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"నేనెందుకొచ్చానంటే," అంది అమ్మాయి, "చిన్నప్పుడు నేను చెప్పులు ఎడమా కుడీ మార్చి వేసుకునేదాన్నట. ఇంట్లో ఇప్పటికీ దాని మీద జోకులే. ఇప్పుడు మా అన్నయ్య అదే పట్టుకున్నాడు. పన్నెండేళ్ళుగా వేలమంది వెళ్తున్న పుస్తకం తప్పవుతుందా, నీకు ఎడమేదో కుడేదో తెలిసి చస్తేగా అంటాడు. అమ్మ ఏమీ అనదు. అసలు నాతో మాట్లాడదు. నిజం చెప్పాలంటే నాకూ అనుమానమేనండి. చదివానన్న గుర్తు ఉంది గానీ, చదివింది సరిగ్గా చదివానా అని. ఇరవైసార్లు కళ్ళు మూసుకుని ఆ పేజీ ఊహించుకున్నాను. పది సార్లు ఎడమ అనీ, పది సార్లు కుడి అనీ కనపడుతుంది. ఇక్కడి సైకిలు షాపులో అడిగాను, ఒక్క కాపీ కూడా మిగల్లేదన్నారు. మీ దగ్గర ఉంటుంది కదా. ఒక్కసారి ఆ పేజీ చూసి వెళ్ళిపోతాను."

"చూస్తానుండు" అంటూ మేడమ్ లోపలి గదిలోకి వెళ్ళింది.

బీరువాలో కింది అరలో, పాత చీర చుట్టి, ఇరవై రెండు కాపీలున్నాయి. ఒకటి తీసింది. ముప్ఫై ఒకటో పేజీ వెతుక్కోనక్కర్లేకుండానే తెరుచుకుంది. *రాతిగుడిసె దగ్గర ఎడమకి తిరగాలి.* ఆవిడ సొంత చేతిరాతలోనే అచ్చు వేశారు. గుండ్రటి, ముచ్చటైన అక్షరాలు.

అది తప్పని ఆవిడకి ఆరేళ్ళుగా తెలుసు. కచ్చితంగా తెలుసనడానికి లేదు, తెలియదనడానికి అసలే లేదు. ఆరేళ్ళ కిందట ఒక కార్డు వచ్చింది. ఎవరో పోస్టుమాస్టరు, భార్యతో కలిసి కనుమ దాటాడట. "గుడిసె గోడ మీద ఎర్ర రంగుతో కుడికి బాణం వేసి ఉంది. మీ పుస్తకంలో ఎడమ అని ఉంది. బాణాన్ని నమ్మి బతికిపోయాం. దయచేసి మార్చండి" అని మర్యాదగా రాశాడు. అప్పటికి రెండో ముద్రణకి ఇంకా వారం టైముంది. మార్చాలంటే ఏది నిజమో తేల్చుకోవాలి. తేల్చుకోవాలంటే కొండెక్కాలి, లేదా తమ్ముణ్ణి అడగాలి. తమ్ముణ్ణి అడగడమంటే, ఆ రోజు మోకాళ్ళ మీద పాకిన సంగతి మళ్ళీ ఇద్దరి మధ్యా పరవడమే. బాణం ఉందిగా, ఎవరూ తప్పిపోరులే అనుకుని, కార్డుని బీరువా కాగితాల కింద దూర్చేసింది.

గోడ కూలుతుందని అనుకోలేదు. గోడ కూలకపోతే బావుండునని ఇప్పుడు అనుకుంది, అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

పుస్తకం చీర మడతల్లో పెట్టేసి, ఖాళీ చేతులతో ముందుగదిలోకి వచ్చింది.

"ఒక్కటీ లేదమ్మా. ఉన్నవన్నీ ఎవరెవరికో ఇచ్చేశాను."

"పోనీ మీకు గుర్తుంటుంది కదండీ. మీరు ఎక్కిన కొండే కదా. గుడిసె దగ్గర ఎటు?"

కిటికీ అవతల ఎవరో బట్టలు దులుపుతున్నారు. మేడమ్ ఆ చప్పుడు రెండుసార్లు వింది.

"కుడికి" అంది.

అబద్ధం కాదది. కొండ మీద దారి కుడికే పోతుంది. అమ్మాయికి కావాల్సింది మాత్రం పుస్తకంలో ఏముందన్నది. ఆ తేడా ఒకరికే తెలుసు, ఆ ఒకరికే సిగ్గు వేసింది.

"అయితే నేనే" అంది అమ్మాయి. ఏడవలేదు. పరీక్ష ఫలితాల్లో తన నంబరు లేదని చూసుకుని గోడ ముందు నుంచి తప్పుకునే మనిషిలా లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "మీ పుస్తకాన్ని అనుమానించాను, ఏమనుకోకండి మేడమ్" అంది.

అడుగుల చప్పుడు మెట్లు దిగి వీధిలోకి వెళ్ళాక తమ్ముడు పైకొచ్చాడు. చేతులకి ప్లాస్టరు అట్టలు కట్టి ఉంది.

"అక్కా, అంతా వినపడింది. కుడి అనేగా నేను చెప్పాను?"

"నువ్వు చెప్పలేదురా. చెయ్యి ఊపావు. హోటల్లో నా ఎదురుగా కూర్చుని, తింటూ, 'గుడిసె దగ్గర ఇలా తిరగాలి' అని ఇలా ఊపావు. నీ కుడి నాకు ఎడమ అవుతుందని నాకు తట్టలేదు. భూగోళం టీచర్ని!"

తమ్ముడు తెల్లబడ్డ తన చేతి వైపు చూసుకున్నాడు. "అయితే సగం తప్పు నాది. పుస్తకం అచ్చయ్యాక నేనన్నా చదవాలి. నా గురించే కదా అని బొమ్మలు చూసి పక్కన పెట్టాను. పద, ఆ పిల్లకి నేను చెప్తాను."

అలా అయితే ఎంత బావుండు! పన్నెండేళ్ళు ఈ మనిషి నోరు మెదపలేదు. ఎవరో 'మీ అక్కయ్య ధైర్యం గొప్పది' అంటే అవునండీ అన్నాడు, ప్రతిసారీ. ఇప్పుడిది కూడా నెత్తిన వేసుకుంటానంటున్నాడు. మేడమ్ లోపలికి వెళ్ళి, కాగితాల అడుగు నుంచి కార్డు తెచ్చి చేతికిచ్చింది.

అతను చదివాడు. తేదీ చూశాడు. మళ్ళీ చదివాడు.

"ఆరేళ్ళా?" అన్నాడు.

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. కార్డుని బల్ల మీద పెట్టేటప్పుడు అక్క వైపు చూడలేదు. జీవితంలో మొదటిసారి, చూడకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మేడమ్ పుస్తకం తీసుకుని, జుట్టు కూడా సరిచేసుకోకుండా బయటపడింది.

అమ్మాయి బస్సు స్టాపు అరుగు మీద కూర్చుని ఉంది. ఊడిపోయిన లేసుని ఒక్క చేత్తో ముడి వెయ్యాలని చూస్తోంది. మేడమ్ ఎదురుగా కూలబడి, ఆ లేసు అందుకుని ముడి వేసింది. లేవలేదు. ఆ ఎత్తు నుంచే పుస్తకం తెరిచి ఒళ్ళో పెట్టింది.

"నువ్వు సరిగ్గానే చదివావమ్మా. ఎడమ అనే ఉంది. తప్పు రాసింది నేను. తప్పని ఒకాయన ఆరేళ్ళ కిందటే ఉత్తరం రాస్తే దాచేసింది కూడా నేనే. ఇందాక కాపీల్లేవన్నది అబద్ధం. ఇరవై రెండున్నాయి."

అమ్మాయి ఆ వాక్యం మీద వేలు పెట్టి చదివింది, చిన్నపిల్ల చదివినట్టు. వేలు వెనక్కి తెచ్చి మళ్ళీ చదివింది.

"ఎందుకు దాచారు?"

"మారిస్తే, ఎక్కినదానివి నీకెలా తెలియలేదని ఎవరన్నా అడుగుతారని. నేను ఎక్కలేదు. ఇరుకుదారి దగ్గర భయపడి వెనక్కొచ్చేశాను. బస్సులో అవతలికెళ్ళాను."

"మీరు కనుమ దాటలేదా?"

"దాటలేదు."

అమ్మాయి పేజీ తిప్పింది. ముప్ఫై రెండో పేజీలో పైన ఉన్న రెండు వాక్యాలు చూడకుండానే చెప్పింది. "'కనుమ మీద నిలబడితే రెండు లోయల గాలీ ఒకేసారి మొహానికి తగులుతుంది. మనం ఏ వైపు వాళ్ళమో ఒక నిమిషం మర్చిపోతాం.' ఇదీ?"

"ఇదీ నేను కల్పించిందే. మా తమ్ముడికి గుర్తున్నది చలీ ఆకలీ. రెండు నిమిషాలు కూడా ఆగలేదన్నాడు."

"నాన్న దీన్ని అన్నం తింటూ చదివి వినిపించాడు. దీని కోసమే సైకిలు కొన్నాడు." గొంతు పెరిగింది. అరుగు చివర కూర్చున్న ముసలాయన పేపరు దించి చూశాడు. "పదకొండు రోజులు! మా అమ్మ నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు, తెలుసా? ఇందాక ఆ కుర్చీలో కూర్చుని నేను అడిగినప్పుడు, మీకు... ఏమీ అనిపించలేదా?"

"అనిపించింది."

"అయినా చెప్పలేదు."

"అయినా చెప్పలేదు."

క్షమించమని మేడమ్ అడగలేదు. అడిగితే ఆ పిల్ల మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుంది. బస్సు వచ్చి ఆగింది. అమ్మాయి పుస్తకం చంకలో పెట్టుకుని లేచింది.

"రండి," అంది. అది అడగడంలా లేదు. "మా వాళ్ళ ముందు చెప్పండి. ఇప్పుడు నాకు చెప్పినట్టే, ఒక్క ముక్క తగ్గకుండా."

ఆస్పత్రి రెండో అంతస్తులో కిటికీ పక్క మంచం. ఆ తండ్రి కాలికి బరువులు వేలాడదీసి ఉన్నాయి. ఆ కప్పీలనీ తాడునీ ఆయన పనివాడి కళ్ళతో చూస్తూ పడుకున్నాడు. మంచం పక్క స్టూలు మీద తల్లి. గోడకి ఆనుకుని, ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టున్న అన్నయ్య. "అయ్యో, మీరు మ్యాపు మేడమ్ కదూ!" అని అన్నయ్య గబగబా కుర్చీ తెచ్చాడు. "మీరే చెప్పండి మేడమ్ దీనికి."

మేడమ్ కూర్చోలేదు. చెప్పింది. పాకిన సంగతి, బస్సు, ఊపిన చెయ్యి, కార్డు, బీరువా, ఇందాకటి 'కుడికి'. బళ్ళో పాఠం చెప్పే గొంతు అలవాటుగా రాబోయింది. దాన్ని మింగి, మామూలు గొంతుతోనే చెప్పింది. పక్క మంచాల వాళ్ళు కూడా విన్నారు. వినాలి, విననీ అనుకుంది.

అన్నయ్య కుర్చీ వీపు పట్టుకుని నిలబడిపోయాడు. చెల్లెలి వైపు చూడలేక కిటికీ వైపు తిరిగాడు. తల్లి లేచింది. మేడమ్ దగ్గరికి వస్తోందేమో, కొడుతుందేమో అనిపించింది. కొట్టినా బావుండేది. ఆవిడ మేడమ్‌ని దాటుకుని కూతురి దగ్గరికెళ్ళి, మెడ వెనక ఒరుసుకుపోతున్న కట్టుపట్టీ సర్ది, దాని కింద తన కొంగు మడిచి పెట్టింది. "పొద్దుట్నించీ ఏమన్నా తిన్నావా?" అంది. పదకొండు రోజుల తర్వాత మొదటి మాట. అంతవరకూ ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది.

తనకి అక్కడ చోటు లేదని మేడమ్‌కి తెలుస్తూనే ఉంది. వెళ్ళిపోవాలి. గుమ్మం వైపు తిరిగింది.

"మేడమ్ గారూ," అన్నాడు మంచం మీది మనిషి. "ఇప్పుడెవరన్నా ఆ దారిలో ఉన్నారా?"

"ఏమిటండీ?"

"మీ పుస్తకం పట్టుకుని. ఇవాళ, ఇప్పుడు." ఆయన గొంతులో కోపం లేదు, తొందర ఉంది. "నలభయ్యేళ్ళు లిఫ్టులు బాగుచేశాను. చెడిపోయిందని ఫోనొస్తే, మేం ముందు చేసేది బాగుచెయ్యడం కాదండీ. ప్రతి అంతస్తులో తలుపుకి బోర్డు తగిలించడం. తప్పెవరిదో తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. మీరు బోర్డు పెట్టారా?"

మేడమ్ ఏ బోర్డూ పెట్టలేదు. ఇంత సేపూ తన సిగ్గుని ఎత్తుకుని ఊరంతా తిరిగింది గానీ, ఆ మాట ఒక్కసారి కూడా తోచలేదు. సిగ్గుపడటంలో కూడా తన గురించే ఆలోచించుకుంది.

వరండాలోకి వెళ్ళి, నర్సుల బల్ల మీది ఫోను తీసి సైకిలు షాపుకి చేసింది. అవతల చక్రం తిరుగుతున్న చప్పుడు, ఎవరో దాన్ని ఆపారు.

"మేడమ్ గారా! మీకే చేద్దామనుకుంటున్నాను. మీ పుస్తకాలు ఇంకో వంద కావాలి. ఉన్న ఆఖరి నాలుగూ నూలుమిల్లు వాళ్ళు పట్టుకెళ్ళారు."

"ఎవరు? ఎప్పుడు?"

"మిల్లులో పనిచేసే ఆడవాళ్ళండీ, పదకొండు మంది. ఒక్కళ్ళకీ ఇదివరకు కొండెక్కిన అలవాటు లేదు. పుస్తకం ఉందిగా, కళ్ళు మూసుకుని వెళ్ళిరండి అని నేనే ధైర్యం చెప్పాను. ఇవాళ్టికి మూడో రోజు. ఈ పాటికి చెరువు దగ్గర డేరాలు వేసుకుంటూ ఉంటారు. రేపు పొద్దున్నే రాతిగుడిసె."

"అక్కడికి కబురు పంపాలి. వెంటనే. ఫోను..."

"అక్కడ ఫోనెక్కడిది మేడమ్! బండి కూడా పోదు, మీకు తెలియందేముంది. ఏం, ఏమైంది? అంత అవసరమైతే సొరంగం దగ్గర బస్సు దిగి, అటునుంచి ఎవరన్నా ఇరుకుదారి మీదుగా పోవాలి. అయినా ఆ దారి మీకంటే బాగా తెలిసిన మనిషి ఈ ఊళ్ళో ఎవరున్నారు?"

వరండా చివర అమ్మాయి వచ్చి నిలబడింది. కళ్ళు తుడుచుకుంటూ, వింటోంది.

"నాకు ఆ దారి తెలీదు బాబూ," అంది మేడమ్ ఫోనులో. "నేనెప్పుడూ ఎక్కలేదు. నాకో సైకిలు బస్టాండుకి పంపించు. సొరంగం వైపు ఆఖరి బస్సు ఎన్నింటికి?"

అవతల అతను ఎవర్నో ఒక సైకిలు బయటికి తియ్యమని కేకేశాడు.

"ఇరవై నిమిషాలే ఉంది మేడమ్" అన్నాడు.